కార్పెట్ కెమికల్స్‌ని ఎలా పోల్చి చూడాలి

(విశాఖపట్నంలో కార్పెట్, సోఫా క్లీనింగ్ చేసేవాళ్లకి, హోటల్ హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్లకి ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ముందు ఒక ప్రశ్న. రెండు డబ్బాలు మీ ముందు పెట్టి ఏది మంచిదో చెప్పమంటే ఏం చూస్తారు? రేటు చూస్తారు. మూత తీసి వాసన చూస్తారు. చేతిలో నాలుగు చుక్కలు వేసుకుని రుద్ది నురగ చూస్తారు. నురగ బాగా వచ్చిందంటే పవరుందని లెక్క. అవునా కాదా? నవ్వుతున్నారంటే అవుననే. ఈ మూడూ చూసి కొన్న కెమికల్ కార్పెట్‌కి మంచి చేస్తే అది మీ అదృష్టం, అంతే.

నేను ఈ పూట చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. కెమికల్ ఎలాంటిదో పని అయిన రోజు తెలియదు, పదిహేను రోజులు పోయాక తెలుస్తుంది. పని అయిన రోజు అన్నీ బాగానే కనిపిస్తాయి. కస్టమర్ సంతోషంగా డబ్బులిస్తాడు. రెండు వారాలకి ఫోన్ వస్తుంది: "ఏమండీ, మీరు కడిగాక ముందుకంటే తొందరగా మాసిపోయిందండీ." ఆ మాట అబద్ధం కాదు. కడిగిన కెమికల్ పోగులోనే ఉండిపోయింది. ఎండాక జిగటగా మిగిలింది. బెల్లం పాకం పట్టిన చేత్తో ఇసుక ముట్టుకుంటే ఎలా ఉంటుందో, ఆ కార్పెట్ మీద నడిచే ప్రతి చెప్పుకీ అలా ఉంటుంది.

సరే, మొదట మట్టి సంగతి. కార్పెట్‌లో ఉండే మురికిలో దాదాపు నాలుగింట మూడు వంతులు పొడి మురికే. ఇసుక, దుమ్ము, దారప్పీచు, వెంట్రుకలు. దీనికి కెమికల్ అక్కర్లేదు, వాక్యూమ్ చాలు. మన ఊళ్లో ఇది ఇంకా ముఖ్యం. బీచ్ రోడ్డు వైపు ఇసుక, ఉప్పుగాలి. పోర్టు వైపు బొగ్గు దుమ్ము, ఇనప ఖనిజం దుమ్ము. ఈ దుమ్ముల్ని ఏ డిటర్జెంటూ కరిగించదు. చెప్తున్నాను వినండి, కరిగించదు. ఉప్పు ఒక్కటే నీళ్లలో కరుగుతుంది. బొగ్గు కార్బన్, కరగదు. దాన్ని పొడిగా ఉన్నప్పుడే లాగెయ్యాలి. నీళ్లు పడితే అది బురదై పైల్ (పైకి నిలబడే పోగుల పొర) అడుక్కి దిగుతుంది. తర్వాత ఎన్ని వేల రూపాయల డబ్బా తెచ్చినా పైన తెల్లగా, అడుగున నల్లగానే ఉంటుంది. గోడ వారన, తలుపు కింద నల్లటి గీతలు చూసే ఉంటారు. గాలి ఆ సందుల్లోంచి పోతూ వడకట్టి వదిలిన దుమ్ము అది. అన్నిటికన్నా మొండిది. పూర్తిగా పోతుందని కస్టమర్‌కి మాటివ్వకండి.

కాబట్టి ఒక్కో చోటా నాలుగైదు సార్లు, అడ్డంగా, నిలువుగా, నెమ్మదిగా వాక్యూమ్. వాక్యూమ్ సరిగ్గా చెయ్యకుండా రెండు కెమికల్స్‌ని పోల్చడమంటే రెండు బురదల్ని పోల్చడమే.

ఇప్పుడు డబ్బా కంటే ముందు తెలుసుకోవాల్సింది పోగు. కింద ఏ పోగు ఉందో తెలియకుండా పైన ఏం పొయ్యాలో ఎలా తెలుస్తుంది?

ఎవరికీ కనిపించని మూల నుంచి రెండు పోగులు కత్తిరించండి. రెండే. ఇనప ట్రే మీద, పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడైపోతే ఉన్ని. కాగితం కాలిన వాసనొస్తే పత్తి, జనపనార, విస్కోస్, ఈ మూడింట్లో ఒకటి. కరిగి పూసలా గట్టిపడితే సింథటిక్. సింథటిక్‌లో ఏదని తేల్చడానికి ఇంకో పోగు గ్లాసు నీళ్లలో వేసి వేలితో ముంచండి. తేలిందంటే పాలీప్రొపిలీన్. నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి. పాలిస్టర్ కాలినప్పుడు నల్లపొగ వస్తుంది.

ఉన్ని ప్రోటీను. మన వెంట్రుక లాంటిదే. క్షారం దానికి శత్రువు. పీహెచ్ అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె: 7 మధ్య, తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఉన్నికి పీహెచ్ 5 నుంచి 8 లోపల ఉంటే నిశ్చింత. 9, 10 పోశారంటే పసుపుబారుతుంది, గరుకవుతుంది, రంగు వదులుతుంది. క్లోరిన్ బ్లీచ్ పడితే ఉన్ని కరిగిపోతుంది. అక్షరాలా కరిగిపోతుందండీ, చిల్లు పడుతుంది. ఏలూరు ఉన్ని తివాచీలు ఇప్పటికీ పాత ఇళ్లలో ఉన్నాయి. అలాంటి చేతి అల్లిక మీద బట్టల పొడి కలిపి పెరట్లో బ్రష్షు పట్టి రుద్దేవాళ్లున్నారు. బట్టల పొడి నీళ్ల పీహెచ్ పది దగ్గర ఉంటుంది. పైగా అందులో బట్ట తెల్లగా మెరవడానికి వేసే ఆప్టికల్ బ్రైటెనర్లుంటాయి. అవి ఉన్నిలో పట్టుకుని, ఎండకి కొన్నాళ్లకి పసుపుతిరుగుతాయి.

నైలాన్ గట్టిది, వేడి తట్టుకుంటుంది. మరక పట్టకుండా ఫ్యాక్టరీలో పూత వేసిన నైలాన్ అయితే పీహెచ్ పదికి లోపలే ఉండాలి, లేకపోతే ఆ పూత పోతుంది. బాత్రూంలో వాడే యాసిడ్ మాత్రం దాని దగ్గరికి రానివ్వకండి, నైలాన్‌ని తినేస్తుంది. పాలీప్రొపిలీన్, పాలిస్టర్ నూనెని ప్రేమిస్తాయి. వంటగది దగ్గరి కారిడార్‌లో, డైనింగ్ హాల్లో ఇవి వేస్తే జిడ్డు పట్టుకుని వదలవు. అక్కడ గట్టి క్షారం, కాస్త సాల్వెంట్ (జిడ్డుని కరిగించే ద్రవం) కావాలి. పాలీప్రొపిలీన్‌కి పోగు తయారయ్యేటప్పుడే రంగు కలిపేస్తారు కాబట్టి రంగు పోతుందన్న భయం తక్కువ. కానీ 160, 165 డిగ్రీలకే కరుగుతుంది. బరువైన ఫర్నిచర్ జరజరా లాగినా రాపిడి వేడికి మెరుపు గీత పడుతుంది. ఆ గీతని ఏ కెమికలూ తియ్యలేదు.

విస్కోస్. ఆర్ట్ సిల్క్ అంటారు, బనానా సిల్క్ అంటారు, పట్టు అని కూడా అమ్మేస్తారు. తడిస్తే సగం బలం పోతుంది, ఎండాక పసుపు మచ్చ, గరుకుదనం. నా సలహా అడిగితే తడి పని ఒప్పుకోకండి. ఒప్పుకుంటే రాతపూర్వకంగా సంతకం పెట్టించుకున్నాకే.

ఇక డబ్బాల దగ్గరికి వద్దాం. పేర్లు వందున్నా, రకాలు నాలుగైదే.

మొదటిది ప్రీస్ప్రే. ముందుగా చల్లి, నానబెట్టి, తర్వాత ఎక్స్‌ట్రాక్టర్‌తో, అంటే నీళ్లు కొట్టి వెంటనే పీల్చే మెషీన్‌తో, వేడినీళ్ళు కొట్టి లాగేది. ఎక్కువ భాగం క్షారమే, పీహెచ్ 9 నుంచి 11, 12 దాకా. జిడ్డుని సబ్బులా మార్చి వదిలిస్తుంది. ఉన్నికి వేరేగా పీహెచ్ తక్కువున్నది దొరుకుతుంది. పీహెచ్ స్కేలు మీద ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు. ఎనిమిదికీ పదికీ తేడా రెండు కాదు, వంద రెట్లు. డబ్బా మీద 10 అని రాసి ఉంటే అది చిక్కటి కెమికల్‌దా, నీళ్లు కలిపాకదా అని అడగండి. అమ్మేవాడికి తెలియకపోతే పీహెచ్ పట్టీ మీ జేబులో ఉండాలి.

ప్రీస్ప్రే మోతాదు చూద్దాం. లీటరు తయారుగా కలిపిన నీళ్లు మామూలు మురికి మీద సుమారు 80 నుంచి 100 చదరపు అడుగులకి వస్తాయి. పది నుంచి పదిహేను నిమిషాలు నాననివ్వాలి. మధ్యలో ఎండకూడదు. ఫ్యాన్లు, ఏసీ ఫుల్లుగా పెట్టి చల్లితే ఎండి, తీసిన మురికిని మళ్లీ పోగుకే అంటిస్తుంది. అప్పుడు చాలామంది ఏం చేస్తారు? ఇంకాస్త చిక్కగా కలుపుతారు. తప్పు. ఇంకాస్త నీటితుంపర చల్లి, బ్రష్షుతో లేపండి.

రెండోది ఆమ్ల రిన్స్, అంటే చివర్లో కడిగేది. సిట్రిక్ లాంటి తేలిక ఆమ్లం. ప్రీస్ప్రే వదిలిన క్షారాన్ని తటస్థం చెయ్యడానికి, రంగు పారకుండా ఆపడానికి. మనవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేది దీన్నే. మామూలు నీళ్లతో కొట్టాం కదా సార్, చాలదా అంటారు. చాలదు. పని అయ్యాక తడి కార్పెట్ మీద పీహెచ్ పట్టీ ఒత్తి చూడండి. 8 దాటితే క్షారం మిగిలినట్టే. బ్యాకింగ్‌లో, అంటే అడుగు పొరలో, జనపనార ఉన్న కార్పెట్‌కి క్షారం, ఎక్కువ తడి, నెమ్మదిగా ఎండటం, ఈ మూడూ కలిస్తే గోధుమ రంగు మరక పైకొస్తుంది. జనపనారలో ఉన్న రంగుపదార్థం తడితో పాటు పైకెక్కి పోగు కొసన ఎండుతుంది. అంచు కుచ్చులు పత్తివైతే అక్కడ మొదట కనిపిస్తుంది. దానికి మందు మళ్లీ ఆ ఆమ్లమే, కొంచెం చల్లి, టవల్‌తో అద్ది, త్వరగా ఆరబెట్టాలి.

మూడోది పాతకాలపు షాంపూ. స్క్రబ్బరు కింద నురగ. జిడ్డు బాగా తీస్తుంది, సందేహం లేదు. కానీ నురగని పూర్తిగా లాగే పద్ధతి లేదు. మిగులుతుంది. ఇందాక చెప్పిన బెల్లం పాకం అదే. షాంపూ పట్టిన కార్పెట్‌ని తర్వాత ఎక్స్‌ట్రాక్టర్ పట్టి చూడండి, మురికినీళ్లు చేరే రికవరీ ట్యాంకు నిండా నురగ. ఆ నురగ వాక్యూమ్ మోటారులోకి పోతే మోటారు పోతుంది. నురగ అణిచే డీఫోమర్ వెయ్యాలి, రికవరీ ట్యాంకులో మాత్రమే. మంచినీళ్ల ట్యాంకులో పోస్తే అది కార్పెట్‌లోకి వెళ్లి ఇంకో జిడ్డు మిగులుతుంది.

నాలుగోది ఎన్‌క్యాప్. ఇందులో పాలిమర్ ఉంటుంది. ఎండాక మురికిని చుట్టుకుని గట్టి పలుకులా మారుతుంది. తర్వాత వాక్యూమ్‌లో వచ్చేస్తుంది. తడి తక్కువ, గంట రెండు గంటల్లో నడవొచ్చు. రుషికొండ ఐటీ ఆఫీసుల్లో, కార్పెట్ టైల్స్ మీద, రోజూ మెయింటెనెన్స్ పనికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. జిడ్డు గడ్డకట్టిన హోటల్ కారిడార్‌కి మాత్రం కాదు. ఎన్‌క్యాప్ మంచిదో కాదో ఇంట్లోనే తేల్చొచ్చు. వాడే పాళ్లలో కలిపి పది మిల్లీలీటర్లు గాజు పళ్లెంలో పోసి ఏసీ గదిలో ఆరబెట్టండి. మన తేమలో బయట పెడితే ఏదైనా మెత్తగానే ఉంటుంది. ఎండాక గోటితో గీకితే పొడిలా, పెచ్చులా రాలాలి. వేలికి అంటుకుందా, ఆ డబ్బా వద్దు. ఈ పరీక్ష షాంపూకీ ప్రీస్ప్రేకీ కూడా చెయ్యండి. ఎంత మురికి తీస్తుందో ఇది చెప్పదు, వెనక ఏం వదిలిపోతుందో చెబుతుంది.

ఆక్సిజన్ బ్లీచ్‌లు, సాల్వెంట్లు, ఎంజైములు మరకల మందులు. వీటికీ నేలంతా కడిగే కెమికల్స్‌కీ పోటీ పెట్టకండి. వాటిలో మన ఊళ్లో ఎక్కువగా దెబ్బతీసే సంగతి ఒకటి వివరంగా చెప్తాను. పసుపు.

కల్యాణ మండపాల్లో, పెళ్లిళ్లకి అద్దెకి తెచ్చే కార్పెట్లలో రోజూ చూసేదే. పసుపు మరక మీద మనవాడు క్షారపు ప్రీస్ప్రే కొడతాడు. ఏమవుతుంది? ఎర్రగా మారుతుంది. కంగారుపడి ఇంకా కొడతాడు, ఇంకా ఎర్రబడుతుంది. పసుపులో ఉండే కర్కుమిన్ క్షారంలో ఎరుపు తిరుగుతుంది, ఆమ్లంలో మళ్లీ పసుపవుతుంది. ఇంట్లో కుంకుమ చేసేది అలాగే కదా, పసుపులో సున్నం కలిపి. కాబట్టి పసుపు మీద మొదట క్షారం వద్దు. పొడి ఉంటే వాక్యూమ్, తర్వాత న్యూట్రల్ డిటర్జెంట్‌తో అద్దడం, ఆపైన 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. ఉన్ని మీద ముందు మూలన పరీక్షించి, తక్కువ సేపు. కర్కుమిన్‌కి వెలుతురంటే పడదు. ఎండ తగిలే చోట కాసేపు పరిస్తే లేత మరక సగం అదే పోతుంది. ఎక్కువసేపు పరిచి కార్పెట్ రంగే పోగొట్టుకోకండి.

ఇప్పటి కుంకుమ చాలావరకు సింథటిక్ రంగు. దానికి పెరాక్సైడ్ పనిచెయ్యకపోవచ్చు, సోడియం మెటాబైసల్ఫైట్ లాంటి రెడ్యూసింగ్ మందు కావాలి. ఈ రెండు రకాలూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒకటి వాడితే బాగా కడిగి, ఎండాకే రెండోది.

ఎంజైమ్ సంగతి. పిల్లలు, కుక్కలు ఉచ్చ పోసిన చోట. తాజాగా ఉన్నప్పుడు ఉచ్చ కాస్త ఆమ్లం, రోజులు గడిచాక అమోనియా పుట్టి క్షారమవుతుంది. ముందు గట్టి ఫినాయిలు, క్షారం కొట్టి తర్వాత ఎంజైమ్ పోస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. ముందు తటస్థం చేసి, గోరువెచ్చని నీళ్లతో కలిపి, తడి ఆరకుండా ప్లాస్టిక్ షీటు కప్పి, కొన్ని గంటలు వదలాలి. ప్రోటీన్ తినే ఎంజైమ్ ఉన్ని మీదా, పట్టు మీదా వాడకూడదు. అవీ ప్రోటీనే కదా.

నల్ల ఫినాయిలు కార్పెట్ మీద పోసే అలవాటు ఇంకా ఉంది. మరక మీద మరక. దానికి ఇంకేం చెప్పను.

సరే, ఇప్పుడు పోలిక ఎలా చెయ్యాలి? రాసుకోండి.

బాగా నడిచే చోట ఒకటి ఎంచుకోండి, లాబీ గుమ్మం లాంటిది. మాస్కింగ్ టేపుతో రెండడుగులు బై రెండడుగుల గడులు, నాలుగు. మూడింటిలో మూడు కెమికల్స్. నాలుగో దాంట్లో ఏమీ వద్దు, వట్టి వేడినీళ్లు. అవునండీ, వట్టి నీళ్లు. ఆ గడి లేకపోతే కెమికల్ ఎంత చేసిందో, నీళ్లూ వేడీ ఎంత చేశాయో తెలియదు. కొన్నిసార్లు ఆ నాలుగో గడి పక్క గడులతో సమానంగా వస్తుంది. అప్పుడు డబ్బా వాడి ముఖం చూడాలి.

గడి నాలుగు చదరపు అడుగులు కాబట్టి ఒక్కోదానికి 40 మిల్లీలీటర్లు చాలు. సిరంజితో కొలిచి స్ప్రే బాటిల్లో పొయ్యండి. అన్నిటికీ ఒకే నీళ్లు, ఒకే వేడి, ఒకే పది నిమిషాలు. బ్రష్షు పది సార్లు ముందుకీ వెనక్కీ, ఒకే మనిషి చెయ్యాలి. మనిషి మారితే చేతి బలం మారుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ రెండు తడి పాసులు (నీళ్లు కొడుతూ), మూడు పొడి పాసులు (వట్టిగా లాగడం). ఎండాక వాక్యూమ్ చేసి ఒకే వెలుతురులో ఫోటో తీసుకోండి. టేపు తీసేముందు ఏ గడి ఏదో కాగితం మీద రాసుకోండి. గోడ నుంచి ఎన్ని అడుగులో కొలత కూడా వెయ్యండి. తర్వాత మామూలుగా జనాన్ని నడవనివ్వండి. పదిహేను రోజులకి వచ్చి చూడండి. ఏ గడి ముందు నల్లబడిందో దానిది జిగట కెమికల్. పని అయిన రోజు అందరికంటే తెల్లగా మెరిసిన గడే అది కావచ్చు.

నీళ్ల గురించి కూడా. రెండు ఏరియాల్లో ఒకే డబ్బా రెండు రకాలుగా పనిచేసిందంటే నీళ్లనే అనుమానించండి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే డిటర్జెంట్‌లో కొంత వాటితోనే సరిపోతుంది, మురికికి మిగలదు. కఠినత్వం కొలిచే పట్టీలు దొరుకుతాయి. కఠినంగా ఉంటే మునిసిపల్ నీళ్లు పట్టుకెళ్లండి, లేదా నీళ్లని మెత్తబరిచే పదార్థాలు ఉన్న ప్రీస్ప్రే తీసుకోండి. కెమికల్ రెట్టింపు చెయ్యకండి, మిగిలే జిగట రెట్టింపవుతుంది.

రేటు ఎలా పోల్చాలి? డబ్బా రేటు కాదు, కలిపిన లీటరు రేటు. లెక్క కోసం అనుకుందాం: ఒకటి ఐదు లీటర్లు 1500 రూపాయలు, ఒకటికి 20 పాళ్లు నీళ్లు. ఇంకోటి ఐదు లీటర్లు 3000 రూపాయలు, ఒకటికి 64. మొదటిది లీటరు కెమికల్ 300 రూపాయలు, కలిపితే 21 లీటర్లు, అంటే లీటరు 14 రూపాయల పైచిలుకు. రెండోది లీటరు 600, కలిపితే 65 లీటర్లు, లీటరు 9 రూపాయల చిల్లర. ఖరీదైంది ఏది? అయితే ఈ లెక్క మన కుర్రాళ్లు కొలిచి కలిపితేనే. మూతతో, అందాజాగా కలిపితే 64 పాళ్లది 20 పాళ్లయిపోతుంది. లీటరు నీళ్లకి 64 పాళ్లంటే 15 మిల్లీలీటర్లు, 32 పాళ్లంటే 30 మిల్లీలీటర్లు. కొలత గ్లాసు బకెట్‌కి తాడుతో కట్టెయ్యండి. ముందు నీళ్లు, తర్వాత కెమికల్. తిరగేస్తే నురగొచ్చి కొలత తప్పుతుంది, చిక్కటి మందు కంట్లో చిట్లుతుంది.

ఎండబెట్టడం. మన గాలిలో తేమ ఏడాదిలో చాలాకాలం 70 శాతం పైనే. వర్షాకాలంలో కిటికీలు తెరిస్తే ఆరదు, తడి లోపలికొస్తుంది. కిటికీలు మూసి, ఏసీ పెట్టి, ఫ్యాన్లు కార్పెట్ మీదుగా పారేలా వాలుగా పెట్టండి. ఒకటి రెండు రోజులు తడి నిలిచిందంటే బూజు మొదలు. ఆరటానికి ఆరేడు గంటల పైన పట్టే చోట్ల తక్కువ తడి పద్ధతే ఎంచుకోండి, కెమికల్ కాస్త తక్కువ తీసినా పర్లేదు.

ఎవరో అడిగారు, శానిటైజర్ కలిపి కొట్టొచ్చా అని. వద్దు. శానిటైజర్లలో చాలావాటిలో ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్‌ది ధన విద్యుదావేశం, మన డిటర్జెంట్లలో ఎక్కువవాటిది ఋణ ఆవేశం. కలిస్తే రెండూ పనికిరాకుండా జిగటై కూర్చుంటాయి. బ్లీచింగ్ పౌడరూ యాసిడ్ రిన్సూ ఒకే బకెట్‌లో పడితే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో ప్రాణం మీదికొస్తుంది. సాల్వెంట్ మరక మందు ఎక్కువ పోస్తే బ్యాకింగ్‌లో లాటెక్స్ జిగురు కరిగి కార్పెట్ పొరలుగా ఊడుతుంది. మరక మీద పొయ్యకుండా టవల్ మీద పోసి అద్దండి. చేతికి గ్లౌజులు, కిటికీ తెరిచి.

చివరగా పెర్‌కార్బొనేట్ పొడి (ఆక్సిజన్ బ్లీచ్‌లలో ఒకటి) వాడేవాళ్లకి ఒక మాట. నీళ్లలో పడగానే ఆక్సిజన్ వదలడం మొదలవుతుంది. అప్పటికప్పుడు కలిపి, ఆ పూటే వాడెయ్యాలి. మిగిలింది స్ప్రేయర్లో పోసి మూత బిగించి వ్యాన్లో పెట్టి ఎండలో నిలిపితే లోపల ఒత్తిడి పెరిగి స్ప్రేయర్ పగులుతుంది. పని అయ్యాక పారబోసి, స్ప్రేయర్ కడిగి, మూత తీసి బోర్లించండి. ఇంకేమైనా సందేహాలుంటే అడగండి, పీహెచ్ పట్టీలు ఈ బల్ల మీద ఉన్నాయి, మీరు తెచ్చిన డబ్బాల్ని ఇక్కడే చూద్దాం.